ఎడారి పొదలో రబ్బరు: మెట్ట రైతులు వింటున్న అపోహలు - వాస్తవాలు

రబ్బరు కాంపౌండింగ్ నా పని. పచ్చి రబ్బరుకు గంధకం, కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసిపొడి, నూనెలు కలిపి, వేడిలో గట్టిపరిచి (క్యూర్ చేసి), లాగి చూసి, తెగిపోతే మళ్లీ మొదటికి రావడం. సొంతూరు పామూరు వైపు కాబట్టి ఊరెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో పెట్టి "ఈ ఎడారి మొక్కతో టైర్లు చేస్తున్నారంటగా అన్నా, మన మెట్టలో వేసుకుందామా?" అని అడుగుతారు. ఆ మొక్క పేరు గ్వయూలే. ఉత్తర మెక్సికో, టెక్సాస్‌లలోని చివావా ఎడారి దాని పుట్టిల్లు. అందులో రబ్బరు ఉందన్నది నిజమే. దాని చుట్టూ చెప్పే కబుర్లతోనే చిక్కు.

అపోహ: కేరళలో చెట్టుకు గాటు పెట్టి పాలు పట్టినట్టు దీనికీ పట్టొచ్చు.

పట్టలేం. కేరళ రబ్బరు చెట్టు బెరడులో పాలు పారే సన్నటి గొట్టాలుంటాయి, గాటు పడితే కారతాయి. గ్వయూలేకు అవి లేవు. రబ్బరంతా బెరడు కణాల్లో విడివిడిగా బిగుసుకుపోయి ఉంటుంది. కొమ్మ విరిస్తే పాలు రావు, వేలికి కాస్త జిగురు అంటుతుంది, అంతే. మొక్కను నేలకు కాస్త పైన కోసి, యంత్రంలో నలగ్గొట్టి, అసిటోన్, హెక్సేన్ లాంటి ద్రావకాలతో తీస్తేనే రబ్బరు చేతికొస్తుంది. నాటిన రెండేళ్లకు మొదటి కోత, తర్వాత మోడు మళ్లీ చిగురిస్తుంది. వంద కిలోల ఎండు మొక్కకు దిగేది మామూలుగా ఐదు నుంచి పది కిలోల రబ్బరు. పైగా కోసిన పొదను ఎండలో కుప్పేసి రేటు కోసం కాచుకుందామంటే కుదరదు, ఆక్సిజన్ తగిలి రబ్బరు అణువులు తెగి నాణ్యత పడిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ పొలానికి దగ్గర్లోనే ఉండాలి. మన ప్రకాశం, నెల్లూరు మెట్టల్లో అలాంటిది లేదు. మొక్కలు అమ్మేవాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు.

అపోహ: ఎడారి మొక్క కదా, కనిగిరి ఎండలకు, ఉదయగిరి రాళ్ల నేలకు బ్రహ్మాండంగా వస్తుంది.

అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. ఎండను తట్టుకుంటుంది, కాదనను. కానీ ఎడారి అంటే ఎండ ఒక్కటే కాదు కదా. దాని సొంత గడ్డ మీద శీతాకాలం రాత్రులు బాగా చల్లబడతాయి, ఏడెనిమిది డిగ్రీలకూ, చాలాసార్లు ఇంకా కిందికీ పోతాయి. ఆ చలిలోనే మొక్క ఎదుగుదల తగ్గించుకుని రబ్బరు పోగేసుకుంటుంది. మనకు సంక్రాంతి రోజుల్లో కూడా దుప్పటి కప్పుకుంటే సరిపోయే చలే గానీ అంత చలి ఎక్కడిది? పొద పచ్చగా, గుబురుగా పెరుగుతుంది, లోపల రబ్బరు మాత్రం తక్కువ పడుతుంది. రెండో సంగతి వాన. అక్కడ ఏడాది మొత్తానికి కురిసేది 250 నుంచి 400 మిల్లీమీటర్లు. మనకు ఒక్క తుపాను వస్తే అందులో పెద్ద వాటా రెండు మూడు రోజుల్లోనే కొట్టేస్తుంది, చేలో నీళ్లు నిలుస్తాయి, గ్వయూలేకు వేరుకుళ్లు పట్టుకుంటుంది. నల్లరేగడిలో అసలు ఆలోచించొద్దు. నీళ్లు అక్కర్లేదన్న మాట కూడా సగమే నిజం: నీళ్లు లేకపోయినా బతికితే బతుకుతుంది, అమ్ముకునేంత దిగుబడి రావాలంటే అమెరికాలోని అరిజోనాలో కూడా తడులు ఇస్తున్నారు.

అపోహ: ఇది వయ్యారిభామకు చుట్టం, మన రోడ్ల పక్కన పెరిగేదాన్నే పీకి రబ్బరు తీయొచ్చు.

చుట్టరికం నిజమే, రెండూ పార్థీనియం అనే ఒకే ప్రజాతివి. కానీ వయ్యారిభామ కొన్ని నెలల్లో పూసి ఎండిపోయే కలుపు, పనికొచ్చేంత రబ్బరు దాంట్లో లేదు, దురదలు మాత్రం దండిగా ఉన్నాయి. గ్వయూలే దీనికి పూర్తిగా వ్యతిరేకం. నిదానంగా పెరుగుతుంది, చిన్నప్పుడు కలుపు పోటీకి నిలవదు.

అపోహ: కొత్త టెక్నాలజీ, ముందు దూకినవాళ్లకే లాభం.

1900ల మొదట్లోనే మెక్సికోలో దీని ఫ్యాక్టరీలు నడిచాయి. 1942లో జపాన్ మలయా, ఇండోనేషియా తోటల్ని పట్టుకోవడంతో అమెరికాకు రబ్బరు కరువొచ్చి సుమారు 32,000 ఎకరాల్లో గ్వయూలే వేసింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, తోటల రబ్బరు తిరిగొచ్చింది, సింథటిక్ రబ్బరు చవకైంది, ఆ పొదల్ని చాలావరకు తగలబెట్టేశారు. ఈమధ్య కాలంలో టైర్ల కంపెనీ బ్రిడ్జ్‌స్టోన్ అరిజోనాలో మళ్లీ పట్టుదలగా మొదలుపెట్టింది, 2022లో అమెరికాలో జరిగే ఇండీకార్ కార్ల రేసు టైర్ల పక్కగోడల్లో ఈ రబ్బరు వాడారు.

అపోహ: ఇది నాసిరకం రబ్బరు, పైగా సగం రెజిన్ (మొక్కలోని, నీళ్లలో కరగని జిగట పదార్థం) చెత్త.

అణువు కేరళ రబ్బరుదే, తేడా వెంట వచ్చేవాటిలో. రెజిన్ తీయని ముడి ముద్దను పట్టుకుంటే వేళ్లకు అతుక్కుని వదలదు, ముదురు రంగులో ఉంటుంది. అసిటోన్‌లో నానబెడితే ద్రావకం ఆకుపచ్చగా మారుతుంది, రెజిన్ అందులోకి దిగిపోయి, మిగిలిన ముద్ద సాగదీస్తే గట్టిగా లాగుతుంది. పాత రోజుల్లో రెజిన్ సరిగా తీయకే దానికి చెడ్డపేరు వచ్చింది. ఒక లోటు మాత్రం ఉంది, కేరళ రబ్బరులో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్లు (ఆక్సిజన్‌కు రబ్బరు చెడకుండా కాపాడేవి) ఇందులో లేవు, మనమే కలపాలి. కేరళ రబ్బరులో ఉండే ఎలర్జీ తెచ్చే ప్రోటీన్లు కూడా ఇందులో లేవు కాబట్టి గ్లవ్స్‌కు బాగా పనికొస్తుంది. ఇక రెజిన్ దాదాపు రబ్బరు దిగినంతే దిగుతుంది, జిగురుమందులకు, కలపకు చెద పట్టకుండా పూయడానికి దాని మీద పరిశోధనలు జరిగాయి. నన్నడిగితే ఈ పంటలో డబ్బులు మిగలాలంటే రెజిన్‌కు కూడా కొనేవాడు దొరకాలి, రబ్బరు ఒక్కదాంతో గిట్టదు.

రెజిన్ అనగానే మనవాళ్లు తుమ్మ బంక చూపిస్తారు. రెండూ వేరు. రాత్రి గ్లాసు నీళ్లలో వేసి పొద్దున చూడండి: తుమ్మ బంక కరిగి జిగురవుతుంది, నల్లమలలో చెంచులు తెచ్చే తపసి బంక ఉబ్బుతుంది. రెజిన్ నీళ్లలో కరగదు, స్పిరిట్ కావాలి.

అపోహ: జిల్లేడు పాలతో ఇంట్లోనే రబ్బరు.

రబ్బరు కొంచెం ఉంది, దానికన్నా రెజిన్లు ఎక్కువ. ఆరనిస్తే సాగకుండా తెగిపోతుంది. ప్రయోగం పేరుతో పిల్లల చేత ఆ పాలు తీయించకండి, కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర వాచి చూపు మసకబారుతుంది, అప్పటికి నొప్పి కూడా తెలియకపోవచ్చు. ఒకవేళ పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.