కోడ్ రాసేవాడి ఇల్లు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

పదహారేళ్లుగా హైదరాబాదులో ప్రోగ్రామర్‌గా పని చేస్తున్నాను. ఊరికి వెళితే పెద్దవాళ్లు నన్ను చూసి జాలిపడతారు, కుర్రవాళ్లు ముచ్చటపడతారు. ఇద్దరి మాటల్లోనూ తరచూ వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి. నా అనుభవంలో నిజమేమిటో చెబుతాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇంటివాళ్లతో గడిపే సమయం ఉండదు.

వాస్తవం: సమయం కంటే ముందు మనసు చాలకుండా పోతుంది. ప్రోగ్రాములో ఒక తప్పును వెతికేటప్పుడు ఏ విలువ ఎక్కడ మారుతోంది, ఏ ఫంక్షన్ (ప్రోగ్రాములో ఒక పని చేసే భాగం) దేన్ని పిలుస్తోంది అన్నదంతా తలలో మోయాలి. ల్యాప్‌టాప్ మూసినంత మాత్రాన ఆ బరువు దిగదు. ఒక సాయంత్రం మా అమ్మాయి బడి సంగతులు చెబుతుంటే ఊకొడుతూ కూర్చున్నాను. చివర్లో "నాన్నా, నేనేం చెప్పాను?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి కుర్చీలోంచి లేచే ముందు నోటుపుస్తకంలో మూడు వాక్యాలు రాస్తున్నాను: ఎక్కడ ఆగాను, దేని మీద అనుమానం, రేపు మొదట ఏమి చూడాలి. కాగితం మీదికి దిగిన విషయాన్ని తల వదిలిపెడుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే.

అపోహ: ఇంటి నుంచి పని చేస్తే కుటుంబానికి దగ్గరగా ఉన్నట్టే.

వాస్తవం: ప్రయాణం తగ్గుతుంది, అంతే. "ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో కనీసం తిరిగి వచ్చేవారు" అని నా భార్య ఒకసారి అంది. ఆ మాట తరువాత ఇంట్లో పనిచేసినా సాయంత్రం బల్ల సర్ది, గది తలుపు వేసి, వీధి చివరిదాకా నడిచి రావడం అలవాటు చేసుకున్నాను.

అపోహ: రోజూ జిమ్‌కు వెళితే ఎంతసేపు కూర్చున్నా ఫరవాలేదు. తెర నుంచి వచ్చే నీలికాంతిని అడ్డుకునే కళ్లద్దాలు పెట్టుకుంటే కళ్లు అలిసిపోవు.

వాస్తవం: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, దానితోపాటు కూర్చునే సమయాన్నీ తగ్గించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండూ కావాలి. నాకు మెడనొప్పి వచ్చినప్పుడు ఫిజియోథెరపిస్టు ముందుగా అడిగింది తెర ఎంత ఎత్తులో ఉందని. ల్యాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పేర్చి, విడిగా కీబోర్డు కొన్నాను. తెర పై అంచు కళ్ల ఎత్తుకు వచ్చాక నొప్పి నెమ్మదిగా తగ్గింది. ఇక ఆ కళ్లద్దాలు కళ్ల అలసటను తగ్గిస్తాయనడానికి 2023లో వెలువడిన కోక్రేన్ సమీక్షలో (వైద్య పరిశోధనలను పోగుచేసి పరిశీలించే సంస్థ నివేదికలో) తగిన ఆధారం కనబడలేదు. తెరను చూస్తున్నంతసేపూ మనం రెప్పలు తక్కువగా వేస్తాం, పైగా ఏసీ గాలి కళ్లను ఆరబెడుతుంది. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పే సూత్రానికి డబ్బు ఖర్చు లేదు.

అపోహ: తర్కంతో బతికేవాడికి దైవభక్తి కుదరదు. కుదిరినా ఈ ఉద్యోగంలో సాగదు.

వాస్తవం: ప్రోగ్రామింగ్ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరైన డొనాల్డ్ కనూత్ లూథరన్ క్రైస్తవుడు. ఇంట్లో పైప్ ఆర్గాన్ (గొట్టాల్లో గాలితో మోగే పెద్ద వాద్యం) పెట్టించుకుని వాయించే సంగీత ప్రియుడు కూడా. ఏకాగ్రత కోసం 1990 జనవరి 1 నుంచి ఈమెయిల్ వాడటమే మానేశారు. మనకు అంత స్వేచ్ఛ లేకపోవచ్చు, కానీ ఆయన భక్తి ఆయన శాస్త్రానికి ఎన్నడూ అడ్డు రాలేదు.

నా సంగతి చెబుతాను. ఏటా నవంబరు మధ్యలో అయ్యప్ప మాల వేసుకుంటాను. నలభై ఒక్క రోజులు తెల్లవారకముందే చన్నీటి స్నానం, నల్లబట్టలు, నేల మీద పడక, సాయంత్రం పూజ, శరణుఘోష. బట్టల గురించీ, చెప్పులు లేకపోవడం గురించీ ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు, అందరూ "స్వామీ" అనే పిలిచారు. చిక్కంతా గడియారంతో వచ్చింది. మేము పనిచేసేది అమెరికా తూర్పు తీరంలోని ఒక దుకాణాల సంస్థకు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. దాంతో వారి ఉదయం తొమ్మిది గంటల మీటింగు మనకు సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నరకు మారుతుంది, సరిగ్గా పీఠం దగ్గర పూజ జరిగే వేళకు. మొదటి ఏడాది మొహమాటంతో నోరు విప్పలేదు. పూజ మధ్యలో ఫోను చూసుకున్నాను. అది నన్ను చాలా బాధించింది.

మరుసటి ఏడాది అక్టోబరులోనే అక్కడి సహోద్యోగులకు దీక్ష అంటే ఏమిటో వివరించి, ఆ ఆరు వారాలు మీటింగును గంట ముందే పెట్టమని అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు. నవంబరు నాలుగో గురువారం వారికి థాంక్స్‌గివింగ్ పండుగ, మరునాడు ఏడాదిలోకెల్లా పెద్ద బేరాల రోజు. వారి రాత్రి మనకు పగలు కాబట్టి, బదులుగా ఆ రెండు రాత్రులూ సర్వర్లు ఆగిపోకుండా చూసుకునే కాపలా నేను తీసుకున్నాను. వారు ఇంటివాళ్లతో నిశ్చింతగా భోంచేసి పడుకున్నారు. వారి పండుగను నేను కాశాను, నా వ్రతాన్ని వారు కాశారు.

అపోహ: ప్రతి రోజునూ పనికీ ఇంటికీ పూజకూ సరదాకూ సమంగా పంచాలి.

వాస్తవం: కొత్త వెర్షన్ విడుదలయ్యే వారంలో నా మిద్దె తోటకు నీళ్లు పోసేది మా అమ్మాయే. ఆ వారం నడక కూడా సరిగా సాగదు. దీక్షలో పని కాస్త తగ్గుతుంది. వేసవిలో బీర పాదుకు పందిరి కట్టేటప్పుడు ఆదివారాలన్నీ మేడ మీదే గడుస్తాయి. ఒక్కొక్క రోజునూ తూచడం మానేసి, ఏడాదిని ముందు పెట్టుకుని చూస్తాను. మా వంటింటి పంచాంగం క్యాలెండరులో పండుగలతోపాటు విడుదల తేదీలు, అమెరికాలో గడియారం మారే మార్చి, నవంబరు ఆదివారాలు, పిల్లల పరీక్షలు, నేను కంటి పరీక్షకు వెళ్లాల్సిన రోజు అన్నీ రాసి ఉంటాయి. దాన్ని చూసి ఎవరికి ఎప్పుడు ఎవరి అవసరం ఉంటుందో అందరం కలిసి మాట్లాడుకుంటాం.

ఈసారి మాల వేసుకునే రోజు పక్కనే మా అమ్మాయి తన సంగీతం పరీక్ష తేదీ రాసింది. ఆ వారం కాపలా వంతు నాది. మరొకరు మార్చుకుంటారేమో రేపే అడగాలి.