తురాయి చెట్టు పేర్లు: అపోహలు - వాస్తవాలు

తోటల్లో చెట్లకు పేరు పలకలు రాయడం నా పని. తురాయి దగ్గరకు వచ్చేసరికి ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కథ సిద్ధంగా ఉంటుంది.

అపోహ: తురాయికున్న మరో పేరు గుల్‌మొహర్ అంటే బంగారు నాణెం లాంటి పువ్వు.

వాస్తవం: ‘గుల్’ అంటే పారసీకంలో పువ్వు. అంతవరకు పేచీ లేదు. తగవంతా రెండో సగంతోనే. ‘మొహర్’ అంటే ముద్ర. ముద్ర వేసిన బంగారు నాణేనికీ ఆ పేరే స్థిరపడింది. కానీ ఈ పువ్వు ఎరుపు కదా! 1886లో వెలువడిన ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్ మరో దారి చూపింది: అసలు మాట ‘గుల్‌మోర్’, అంటే నెమలి పువ్వు అని. చిత్రమేమిటంటే, అక్కడ చెప్పింది తురాయి గురించి కాదు, దాని దగ్గరి చుట్టమైన రత్నగంధి గురించి. రత్నగంధిని ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ నెమలి పువ్వనే అంటారు. ఒకదాని పేరు మరొకదానికి పాకిందన్న వాదనకే నా మొగ్గు. రుజువైందని మాత్రం పలక మీద రాయను.

అపోహ: తురాయి అచ్చ తెలుగు పేరు, చెట్టూ మనదే.

వాస్తవం: రెండూ కావు. తలపాగాకు పెట్టుకునే కుచ్చు తురాయి. అరబ్బీ ‘తుర్రా’ పారసీకం, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. చెట్టు పుట్టిల్లు మడగాస్కర్.

అపోహ: వాడుక పేర్లు మారినా శాస్త్రీయ నామం మారదు.

వాస్తవం: 1829లో ఇది ‘పోయిన్సియానా రెజియా’గా గ్రంథాలకెక్కింది. ‘పోయిన్సియానా’ అన్నది ప్వాన్సీ పేరు మీద వచ్చింది; ఆయన 17వ శతాబ్దంలో కరీబియన్‌లోని ఫ్రెంచి దీవులను ఏలిన గవర్నరు. ఆయన పేరు మొదట పెట్టిందీ రత్నగంధికే! 1837లో వృక్షశాస్త్రవేత్త రాఫినెస్క్ తురాయిని విడదీసి ‘డెలోనిక్స్’ అనే ప్రజాతిలో చేర్చాడు; అలా అది ‘డెలోనిక్స్ రెజియా’ అయింది. గ్రీకులో ‘డెలోస్’ అంటే స్పష్టంగా కనబడేది, ‘ఓనిక్స్’ అంటే గోరు. ఒక రేకును లాగి చూడండి, అడుగున సన్నగా సాగిన కాడే ఆ గోరు. ‘రెజియా’ అంటే రాచఠీవి గలది. దీని మీద ఎవరికీ తగవు లేదు.

అపోహ: ఇది మే పుష్పం.

వాస్తవం: భూమధ్యరేఖకు ఉత్తరాన సరే. ఆస్ట్రేలియాలో డిసెంబరు ప్రాంతంలో పూస్తుంది.

అపోహ: ‘అడవి జ్వాల’ అంటే తురాయే.

వాస్తవం: మన దేశంలో ఆ బిరుదు మోదుగది. మోదుగకు మూడేసి వెడల్పాటి ఆకులు, తురాయికి ఈకలా పరుచుకున్న చిట్టి ఆకులు. మొక్క కొనేటప్పుడు పేరు కన్నా ముందు ఆకు చూడండి.