డల్లాస్ ఎటువైపు?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నిలబడి "డల్లాస్ ఎటువైపు?" అని అడిగితే దాదాపు అందరూ చేవెళ్ల వైపు, అంటే పడమరకి చెయ్యి చూపిస్తారు. గోడ మీది ప్రపంచ పటంలో అమెరికా ఎడమ పక్కనే కదా ఉంది! నిజానికి చూపించాల్సింది దుండిగల్ వైపు. డల్లాస్‌కి అతి దగ్గరి దారి ఉత్తర దిక్కు నుంచి ఓ ఐదు డిగ్రీలు మాత్రమే పడమరకి ఒరుగుతుంది.

నమ్మకం కుదరకపోతే పిల్లల గ్లోబు తీసి రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. అది సైబీరియా మీదుగా పైకెక్కి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల పక్క నుంచి దాటి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, డల్లాస్ 97 డిగ్రీల పడమర మీద ఉంది. మధ్య తేడా 175. అదే 180 అయ్యుంటే దారం సరిగ్గా ధ్రువం మీదే పడేది. ఈ దారిలో దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట పోతే మరో మూడు వేలకు పైగా తిరగాలి. ధ్రువం ఒక చుక్క. చాలా పటాల్లో ఆ చుక్కని పై అంచు పొడవునా సాగదీస్తారు, మనం మోసపోయేది అక్కడే.

గంటకి 900 కిలోమీటర్ల చొప్పున ఆ దూరం 16 గంటల ప్రయాణం. కానీ మనవాళ్లు ఎక్కువగా దోహాలోనో దుబాయ్‌లోనో దిగి విమానం మారతారు. దోహా మీదుగా వెళ్తే పెరిగేది 1,200 కిలోమీటర్లే, అంటే గంటన్నర లోపు. మిగతా ఆలస్యమంతా అక్కడ కూర్చున్నందుకే!

తొమ్మిది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుల మధ్య పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. డల్లాస్ నుంచి దోహా వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వెళ్లేటప్పుడు ఎదురొస్తుంది. అందుకే ఆ రెండు ప్రయాణాలకీ గంటకు పైగా తేడా.

ఇక గడియారం సంగతి. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మా పిన్ని తెల్లవారుజామున 4 గంటలకి ఇక్కడ ఎక్కి, 22 గంటలు ప్రయాణం చేసి, అదే రోజు మధ్యాహ్నం 3:30కి అక్కడ దిగింది. తిరిగొచ్చేటప్పుడు ఆ లెక్క తిరగబడింది. సోమవారం సాయంత్రం 6 గంటలకి బయల్దేరితే, అదే 22 గంటలకి ఇక్కడ బుధవారం తెల్లవారుజామున 2:30 అయింది. టికెట్ మీద బుధవారం అని చూసి బాబాయి బుధవారం రాత్రికి క్యాబ్ మాట్లాడి పెట్టుకున్నాడు. మంగళవారం రాత్రి హాయిగా పడుకున్నాడు కూడా. మూడింటికి పిన్ని బయట ట్రాలీ పక్కన నిలబడి ఫోన్ చేసింది.