గుర్తు మారితే పెరుగుదల తగ్గుతుందా? ఎంటైర్ ఫంక్షన్లపై అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ విద్యార్థులకు సంకీర్ణ విశ్లేషణ బోధించే నాకు, ఘాతశ్రేణుల పాఠం మొదలైన వారంలోపే ఏటా ఎదురయ్యే అపోహలివి. సంకీర్ణ తలమంతటా అభిసరించే ఘాతశ్రేణి ఇచ్చే ఫంక్షనే ఎంటైర్ ఫంక్షన్.

అపోహ: గుణకాలకు ఒకటి విడిచి ఒకటి రుణ గుర్తు పెడితే పదాలు ఒకదానినొకటి రద్దు చేసుకొని, ఎంటైర్ ఫంక్షన్ పెరుగుదల నెమ్మదిస్తుంది.

వాస్తవం: పెరుగుదలను కొలిచేది ధన అక్షం ఒక్కదాని మీద కాదు; మూలబిందువు చుట్టూ గీసిన వృత్తమంతటా ఫంక్షన్ పరమ విలువ ఎంత గరిష్ఠానికి చేరుతుందో చూసి కొలుస్తాము. ఈ పెరుగుదల ఎంత వేగమో చెప్పే సంఖ్య ఆర్డర్; ఒకే ఆర్డర్ గల ఫంక్షన్ల మధ్య తేడాను చెప్పేది టైప్. వీటిని ఇచ్చే సూత్రాల్లోకి గుణకాల పరమ విలువలే వస్తాయి కనుక, గుర్తులను ఎలా మార్చినా ఆర్డర్ గానీ టైప్ గానీ మారవు. "మరి ఇ ఘాతం మైనస్ ఎక్స్ సున్నాకు పోతోంది కదా, మాస్టారూ?" అని అడుగుతారు. ధన అక్షం మీద పోతుంది. రుణ అక్షం మీద మాత్రం పెరుగుదల అంతా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ శ్రేణిలో ఎక్స్ స్థానంలో 20 ఉంచి పదాలను విడివిడిగా లెక్కించమంటాను. 20వ ఘాతం గల పదం పరిమాణం 4 కోట్ల 30 లక్షలు దాటుతుంది, మొత్తం విలువ మాత్రం నూరు కోట్లలో సుమారు 2 వంతులే. కంప్యూటర్‌లో 16 అంకెల కచ్చితత్వంతో కూడితే, ఆ పెద్ద పదాల చివరి అంకెలో దొర్లే దోషమే అసలు జవాబును మింగేస్తుంది.

అపోహ: గుర్తులు అనంతంగా మారితే ధన శూన్యాలు (ఫంక్షన్‌ను సున్నా చేసే ధన ఎక్స్ విలువలు) కూడా అనంతంగా ఉంటాయి.

వాస్తవం: పై ఉదాహరణకు శూన్యమే లేదు. గుర్తు ఎన్నిసార్లు మారిందో లెక్కించి ధన శూన్యాల సంఖ్య గురించి చెప్పే డెకార్ట్ నియమం ఇచ్చేది పై హద్దును మాత్రమే.

అపోహ: ఆర్డర్ ఎంతైనా, గుర్తులను నేర్పుగా ఎంచుకుంటే ధన అక్షం మీద ఫంక్షన్‌ను హద్దులో ఉంచవచ్చు.

వాస్తవం: ఈ విషయంలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఇదే. ఎక్స్ వర్గమూలానికి కొసైన్ తీసుకోండి: ఆర్డర్ సరిగ్గా 1/2, గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారుతాయి, ధన అక్షం మీద విలువ 1, మైనస్ 1 మధ్యనే ఊగుతుంది. గుర్తులన్నీ ధనం చేస్తే అదే అక్షం మీద అనంతానికి పోతుంది. అయితే ఆర్డర్ 1/2 కంటే ఏమాత్రం తక్కువైనా ఈ నేర్పు పనిచేయదు. గణిత శాస్త్రవేత్తలు వీమన్, వాలిరోన్ పేర్లతో ముడిపడిన కాస్ పై రో (ఇక్కడ రో అంటే ఆర్డర్) సిద్ధాంతం ప్రకారం, స్థిరం కాని అటువంటి ఫంక్షన్‌కు, కనిష్ఠ పరమ విలువ సైతం అనంతానికి పోయే వృత్తాల వరుస ఒకటి ఉంటుంది. మూలబిందువు నుంచి బయలుదేరే ఏ కిరణమైనా, ధన అక్షమైనా సరే, ఆ వృత్తాలన్నిటినీ దాటక తప్పదు.

బీచ్ రోడ్డులో నడుస్తుండగా ఒక పూర్వ విద్యార్థి, గుర్తులను నాణెం ఎగురవేసి నిర్ణయిస్తే ఏమవుతుందని అడిగారు. 1940లలో గణిత శాస్త్రవేత్తలు లిటిల్‌వుడ్, ఆఫర్డ్ దీనికి జవాబిచ్చారు: ఆర్డర్ ధనమై పరిమితంగా ఉంటే, దాదాపు అన్ని ఎంపికలకూ, శూన్యాల చుట్టూ ఉండే చిన్న ప్రాంతాలను మినహాయిస్తే, ఫంక్షన్ అన్ని దిక్కులలోనూ పెద్దదిగానే ఉంటుంది. ఇ ఘాతం మైనస్ ఎక్స్ లాగా ఒక అర్ధతలమంతటా అణిగి ఉండే శ్రేణి బహు అరుదు.