రామేశ్వరం రైలు ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

కార్తీకం నుంచి శివరాత్రి దాకా పెద్దవాళ్లను బ్యాచ్‌లుగా రామేశ్వరం తీసుకెళ్లి తీసుకురావడం నా పని. టికెట్లు తీసే ముందు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి కూర్చుని మాట్లాడతాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే: ఎవరి మనసులోని రామేశ్వరం వాళ్లకి ఏదో ఒక ఏడాది దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఒకరికి 1964 తుపాను దగ్గర, ఇంకొకరికి రైళ్లు ఆపేసిన 2022 దగ్గర. ఆ పాత లెక్కతోనే భయపడతారు, ఆ లెక్కతోనే ప్రయాణం పెట్టుకుంటారు.

అపోహ: పాంబన్ వంతెన మీద పోతున్న రైలే సముద్రంలో పడిపోయింది.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే భయం ఇదే. రామేశ్వరం ఉన్నది ద్వీపం మీద, ఒడ్డు నుంచి అక్కడికి సముద్రం మీదుగా రైలు పోయేది ఈ పాంబన్ వంతెన మీదే. 1964 డిసెంబర్ 22 రాత్రి అలలకు కొట్టుకుపోయింది పాంబన్ - ధనుష్కోటి ప్యాసింజర్. అది పాంబన్ స్టేషన్ వదిలి, ద్వీపం చివర ధనుష్కోటి దగ్గరికి వచ్చేసిన రైలు. అంటే ప్రమాదం వంతెన మీద కాదు, ద్వీపంలోని పట్టాల మీద. అదే తుపానులో వంతెన గర్డర్లు చాలావరకు కొట్టుకుపోయిన మాట నిజమే. అయితే ఓడల కోసం తెరుచుకునే భాగం నిలబడింది. శ్రీధరన్ గారి ఆధ్వర్యంలో 46 రోజుల్లో వంతెనను మళ్లీ నిలబెట్టారు. తరవాత ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ గారే ఆయన.

అపోహ: రైలు వంతెనకు ఇవతలి మండపం స్టేషన్ దాకే. అక్కణ్ణుంచి బస్సే గతి.

కొన్నాళ్లపాటు ఇది నిజం. 1914లో మొదలైన పాత వంతెన మీద 2022 డిసెంబర్‌లో రైళ్లు ఆపేశారు. ఆ రోజుల్లో మా బ్యాచ్‌ని మండపంలో దించి, మోకాళ్ల నొప్పులవాళ్లను సామానుతో సహా బస్సు ఎక్కించిన అవస్థ నాకింకా గుర్తుంది. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, పక్కనే కట్టిన కొత్త వంతెన ప్రారంభమైంది. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. రైలు మళ్లీ నేరుగా రామేశ్వరం స్టేషన్‌కే పోతోంది. ఓడ రావాలంటే పాత వంతెన రెండు రెక్కల్లా విచ్చుకునేది, దాన్ని మనుషులే తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు మధ్యలోని 72.5 మీటర్ల ముక్క మొత్తం లిఫ్టులా 17 మీటర్లు పైకి లేస్తుంది.

గాలి హద్దు దాటితే వంతెనకు ముందే రైలు ఆపుతారు. అలా ఆగితే వంతెనకేదో అయిందని కంగారు పడకండి. ఆపుతున్నారు కాబట్టే నేను ధైర్యంగా పెద్దవాళ్లను తీసుకెళ్తున్నాను.

అపోహ: రైలు పోయేది రామసేతువు మీద.

వంతెన రాగానే చెప్పులు విడిచి దండం పెట్టేవాళ్లున్నారు. వాళ్ల భక్తికి నేనూ దండం పెడతాను. కానీ పాంబన్ వంతెన మన దేశపు ఒడ్డుకీ ద్వీపానికీ మధ్య ఉంది. సేతువు ద్వీపానికి ఆ కొసన, ధనుష్కోటి నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ వైపు. ధనుష్కోటికి ఇప్పుడు రైలు లేదు, రోడ్డు మీద పోవాలి.

అపోహ: అరవై దాటితే టికెట్‌లో రాయితీ, కింది బెర్తు ఖాయం.

వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఎత్తేశారు. కింది బెర్తు కోటా మాత్రం ఉంది: మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు నిండాలి. అయితే ఒక టికెట్ మీద ఆ వయసు పెద్దవాళ్లు ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉంటేనే ఆ కోటా పనిచేస్తుంది. కుటుంబమంతా కలిసి ఉండాలని ఆరుగురికీ ఒకే టికెట్ తీస్తారు, చివరికి బామ్మగారికి పై బెర్తు వస్తుంది. దంపతులకు విడిగా టికెట్ తీయండి. 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు, ఆ పొద్దునే తీయండి.

అపోహ: చెన్నైలో దిగితే అక్కడే రామేశ్వరం రైలు ఎక్కొచ్చు.

మన రైళ్లు ఎక్కువగా సెంట్రల్‌లో ఆగుతాయి. రామేశ్వరం రైళ్లు ఎగ్మూర్ నుంచో తాంబరం నుంచో బయల్దేరతాయి. మధ్యలో మూడు గంటలైనా ఉంచుకోండి. అసలు తిరుపతి నుంచి నేరుగా రైలుంది. విశాఖ, రాజమండ్రి, విజయవాడ మీదుగా భువనేశ్వర్ రైలు వారానికోసారి వస్తుంది.

అపోహ: పొద్దున దిగి, దర్శనం చేసుకుని సాయంత్రం రైలెక్కేయొచ్చు.

దీని మీద మాత్రం నేను రాజీపడను. ముందు అగ్నితీర్థం, అంటే సముద్ర స్నానం. ఆ తడి బట్టలతోనే గుడిలోని 22 తీర్థాల్లో, అంటే బావుల దగ్గర, స్నానం. మనం బకెట్లు మోసుకెళ్లక్కర్లేదు. బావి గట్టు మీద నిలబడినతను తాడుకట్టిన చిన్న బకెట్ వేసి, చేది, మన నెత్తిన గుమ్మరిస్తాడు. ఒక బావి నీళ్లు చల్లగా తగిలితే పక్కదానివి గోరువెచ్చగా ఉంటాయి. కింద రాతి పలకల నిండా నీళ్లే, కాలు జారుతుంది. మా బ్యాచ్‌లో పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఇద్దరు కుర్రాళ్లను ప్రత్యేకంగా పెడతాను. తడి బట్టలతో గర్భాలయం వైపు వెళ్లనివ్వరు, పొడి బట్టలు కట్టుకోవాలి. ఇదంతా అయ్యేసరికి, మధ్యాహ్నం ఒంటిగంటకు గుడి మూసే వేళవుతుంది. మళ్లీ తెరిచేది మూడింటికి. తెల్లవారుజామున స్ఫటికలింగ దర్శనం కావాలంటే ముందురోజు రాత్రే ఊళ్లో ఉండాలి. రెండు రాత్రులు పెట్టుకోండి.

అపోహ: కాశీ వెళ్లొచ్చి రామేశ్వరం చూస్తే యాత్ర పూర్తయినట్టే.

మా పెద్దలు చెప్పిన వరస వేరు. ముందు రామేశ్వరం, సేతువు దగ్గర ఇసుక తీసుకుని, దాన్ని ప్రయాగ త్రివేణిలో కలిపి, గంగనీళ్లు తెచ్చి మళ్లీ రామేశ్వరంలో రామనాథస్వామికి అభిషేకం. అందుకే తిరుగు రైల్లో మా బోగీలో ప్రతి బెర్తు పక్కనా ఒక చిన్న గుడ్డమూట ఉంటుంది. ఇసుకను తడిగా మూటకట్టకండి. గదిలో కాగితం మీద రాత్రంతా ఆరబోసి, పొద్దున కట్టుకోండి.