రాజనీతిజ్ఞుడు అంటే ఎవరు? ఊరి రాజకీయం చేసేటోడు చెప్పే అపోహలు - వాస్తవాలు

ఎలక్షన్ వచ్చిందంటే చాలు, వాట్సాప్‌ల ఒకటే ఫార్వర్డ్: రాజకీయ నాయకుడు వచ్చే ఎన్నిక చూస్తడు, రాజనీతిజ్ఞుడు వచ్చే తరాన్ని చూస్తడు అని. వినడానికి బాగనే ఉంటది. నల్లగొండ జిల్లాల వార్డు మెంబర్ నుంచి మొదలుపెట్టి మండలం దాంక తిరిగినోణ్ని, నాకైతే సగం అపోహలు ఆ ముక్కతోనే పుట్టినయ్ అనిపిస్తది.

అపోహ: రాజనీతిజ్ఞుడు ఓట్ల గురించి పట్టించుకోడు.

వాస్తవం: ఓట్లు పడనోడు ఎంత ముందుచూపు ఉన్నా అరుగు మీద కూసొని చెప్పుకోవాల్సిందే. రావి నారాయణరెడ్డినే తీసుకోండ్రి, మన భువనగిరి పక్క బొల్లేపల్లి. 1952ల నల్లగొండ నుంచి కమ్యూనిస్టుల పీడీఎఫ్ తరఫున నిలబడి దేశం మొత్తంల ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నడు, నెహ్రూ కన్నా ఎక్కువ. ఇది ప్రతి సభల చెప్తరు. చెప్పనిది ఏందంటే, పోలీస్ యాక్షన్ అయినంక, అంటే 1948ల భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని దేశంల కలిపినంక, తెలంగాణ సాయుధ పోరాటం ఇగ ఆపాలె అని సొంత పార్టీలనే వాదించినోడు ఆయన. తుపాకులు పట్టుకొని అడవుల్ల ఉన్నోళ్లకు, ఇంట్ల సావులు చూసినోళ్లకు ఆ మాట చెప్పుడు ఎట్లుంటదో జర ఊహించుకోండ్రి, పార్టీల చానమందికి అస్సలు నచ్చలే. 1951ల పోరాటం విరమించిన్రు, ఆ తర్వాత కొన్ని నెలలకే ఆ ఓట్లు. అవతలి పార్టీని తిట్టుడు ఎవడన్నా చేస్తడు, మనోళ్లకు చేదు మాట చెప్పి మళ్ల మనోళ్ల ఓటే అడుగుడు ఉంది చూసిన్రా, అసలు కష్టం అది.

అపోహ: పదవి వదిలేస్తే రాజనీతిజ్ఞుడు అయినట్టే.

వాస్తవం: ఇక్కడ బూర్గుల రామకృష్ణారావు పేరు చెప్తరు. కల్వకుర్తి పక్క పుట్టి, షాద్‌నగర్ నుంచి గెలిచి, హైదరాబాద్ రాష్ట్రానికి 1952ల ముఖ్యమంత్రి అయ్యిండు, 1956ల తెలంగాణను ఆంధ్రతోని కలిపే విలీనం కోసం ఆ కుర్చీ వదిలిండు. తెలంగాణ జనం విలీనానికి ఇష్టంగ లేరని అంతకుముందు ఢిల్లీకి రాసింది కూడ ఆయనే. మరి తర్వాత ఒప్పుకున్నదాన్ని ఏమనాలె? ఈ ముచ్చట మీద మా దోస్తుల మధ్య ఇప్పటికీ కొట్లాటే. నేననేది ఏందంటే, 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ లీడర్లు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంల తెలంగాణకు ఉద్యోగాలు, మిగులు నిధులు అన్నీ రాసుకున్నరు గని అమలు చెయ్యకపోతే ఎవడు మెడలు వంచాలె అన్నది గట్టిగ రాసుకోలే, అందుకే 1969ల ప్రత్యేక తెలంగాణ కావాలె అని పిల్లలు రోడ్డెక్కిన్రు. మనిషి పెద్దోడే, డౌట్ లేదు. అయినా త్యాగం వేరు, కట్టుదిట్టంగ ఒప్పందం చేసుకునుడు వేరు.

అపోహ: పార్టీ మారినోడు రాజనీతిజ్ఞుడు కాలేడు.

వాస్తవం: జైపాల్ రెడ్డి కల్వకుర్తి ఎమ్మెల్యేగ ఉండంగ ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్ నుంచి బయటికొచ్చిండు, 1980ల మెదక్‌ల ఇందిరాగాంధీ మీదనే నిలబడి ఓడిపోయిండు. మళ్ల ఎన్నో ఏండ్లకు కాంగ్రెస్‌కే వచ్చిండు, అదీ నిజమే. మారినప్పుడు ఏం పోయింది, ఏం దొరికింది, ఆ లెక్క చూడాలె గని కండువా రంగు కాదు.

అపోహ: జనానికి పైసలు, సీసా తప్ప ఏం పట్టదు, అందుకే మంచి లీడర్లు రారు.

వాస్తవం: 2022ల మునుగోడు ఉప ఎన్నిక చూసినంక ఈ మాట అనేటోళ్లు ఎక్కువైన్రు, వాళ్లను తప్పుపట్టలేం. గని 1996 గుర్తుచేసుకోండ్రి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి బొక్కలు వంగిపోయిన పల్లెలు కృష్ణా నీళ్లియ్యండ్రి అని మొత్తుకొని మొత్తుకొని, ఎవ్వడు వినకపోతే నల్లగొండ పార్లమెంటుకు నామినేషన్ల మీద నామినేషన్లు ఏసిన్రు, బరిల 480 మంది. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యింది, పోలింగే వాయిదా పడ్డది. అదే ఏడు పార్లమెంటు డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచిన్రు. అంటే నామినేషన్లు ఎట్ల ఆపాలె అన్నది జల్దీ తేలింది, నీళ్ల సంగతి మాత్రం ఏండ్లకేండ్లు నడిచింది.

అపోహ: ఇదంతా ఢిల్లీ లెవల్ ముచ్చట, సర్పంచ్‌కేం సంబంధం.

వాస్తవం: మస్తు సంబంధం ఉంది. గల్లీల సీసీ రోడ్డు పోస్తే కొబ్బరికాయ, శిలాఫలకం, ఫొటో, అన్నీ వస్తయ్. అదే ముందు డ్రైనేజీ తియ్యాలె, నల్లా పైపులెయ్యాలె, ఆ తర్వాతనే రోడ్డు అన్నవనుకో, నెలలకు నెలలు బురద, ఇంటి ముందటి మెట్లు పగలగొట్టాలె, ఆ మెట్లు మన పాలోళ్లయే అయి ఉంటయ్, వాళ్లింట్ల ఉన్న ఓట్లన్నీ పాయె. అందుకని ఎక్కువమంది రోడ్డే పోస్తరు. మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కోసం కొత్త సీసీని జేసీబీతోని తవ్విన ఊర్లు మా దిక్కు బాగనే ఉన్నయ్. ఇంటిపన్ను సంగతి అడగనే అక్కర్లేదు, ఎలక్షన్ ఏడు పన్ను గట్టిగ వసూలు చెయ్యమని పంచాయతీ గుమాస్తా కారోబార్‌కు చెప్పే సర్పంచ్‌ను చూపియ్యుర్రి. వీధి లైట్ల కరెంటు బిల్లు పేరుకుపోయి తర్వాతొచ్చేటోడి నెత్తిన పడ్తది.

మీ ఊర్ల మనిషి ఎట్లాంటోడో తెల్వాలంటే స్పీచులు పక్కకు పెట్టి పంచాయతీ ఆఫీసుకు పోండ్రి, తీర్మానాల రిజిస్టర్ అడగుర్రి. ఎలక్షన్‌కు ముందు ఆర్నెల్లల్ల వేటి మీద సంతకాలు పెట్టిండో, ఇంటిపన్ను రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత, అన్నీ దొరుకుతయ్. చూపియ్యకపోతే ఆర్టీఐ పెట్టుర్రి, గ్రామ స్థాయిల దానికి ఫీజు కూడ లేదు.