ఊపిరితిత్తిలో ఊపిరాడని కణాలు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఊపిరితిత్తి నిండా గాలే కదా, అక్కడి క్యాన్సర్ గడ్డకు ఆక్సిజన్ కరువేమిటని మీరు అడగొచ్చు. గడ్డకు ఆక్సిజన్ అందేది రక్తనాళాల నుంచి. నాళం దాటగానే దారిలోని కణాలు దాన్ని వాడేసుకుంటాయి. సుమారు 0.15 మిల్లీమీటర్లు దాటితే ఏమీ మిగలదు. 1955లో థాంలిన్సన్, గ్రే అనే శాస్త్రవేత్తలు ఊపిరితిత్తి క్యాన్సర్ ముక్కల్లో నాళాలకు దూరమైన నడిమి కణాలు చచ్చిపోయి ఉండటం చూపించారు. చచ్చినవాటితో పేచీ లేదు. వాటి అంచున కొనఊపిరితో ఉన్నవే చికిత్సకు లొంగని మొండిఘటాలు.

రేడియేషన్ తగిలితే కణంలోని నీరు చీలి, పుట్టిన ఫ్రీ రాడికల్స్ అనే దుడుకు ముక్కలు డీఎన్‌ఏను గాయపరుస్తాయి. ఆ క్షణాన ఆక్సిజన్ పక్కనే ఉంటే గాయానికి అతుక్కుని దాన్ని మాననివ్వదు. లేకపోతే కణంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే రసాయనం ఒక హైడ్రోజన్ ఇచ్చి పూడ్చేస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు. అందుకే ఆక్సిజన్ అందే కణాలకు 2 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) చేసే నష్టం, బొత్తిగా అందని కణాలకు చేయాలంటే 5 నుంచి 6 గ్రేలు కావాలి.

కీమో తోడైతే? సిస్‌ప్లాటిన్ డీఎన్‌ఏకు ముడులు వేస్తుంది, అందుకు ఆక్సిజన్ అక్కర్లేదు. కానీ నాళానికి దూరమైన కొద్దీ మందూ పలచబడుతుంది. పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు విభజన జరుపుకునే కణాన్ని పట్టుకుంటుంది, ఊపిరాడని కణమేమో విభజనే మానుకుని కూర్చుంటుంది.

ఏ549 అనే, ల్యాబ్‌లో పెంచే ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలతో దీన్ని పరీక్షించేటప్పుడు ప్రయోగం చెడేది ఎక్కువగా ఒక్కచోటే. కణాలను ఉంచే, ఆక్సిజన్ తగ్గించిన చాంబర్ మీటర్ 0.1 శాతం ఆక్సిజన్ చూపగానే కణాల దగ్గరా అంతే ఉందనుకుంటారు. మీడియంలో, అంటే కణాలు పెరిగే ద్రవంలో, కరిగిన ఆక్సిజన్ పోవడానికి గంటలు పడుతుంది. ప్లాస్టిక్ ప్లేటు కూడా తనలో ఇంకిన ఆక్సిజన్‌ను మెల్లగా వదులుతుంది. గాజు ప్లేట్లు వాడి, మీడియాన్ని ముందురోజే చాంబర్‌లో పెట్టండి. ఎక్స్‌రే యంత్రం దాకా గాలి చొరని డబ్బాలోనే తీసుకెళ్లండి. రేడియేషన్ పూర్తికాకముందే మూత తీశారా, అంతే సంగతులు.

చాంబర్‌లో ప్లేట్లు నాలుగు రకాలు: ఏమీ ఇవ్వనివి, మందు మాత్రమే, రేడియేషన్ మాత్రమే, రెండూ కలిపినవి. ఇవే మళ్లీ మామూలు గాలిలో. 10 నుంచి 14 రోజులయ్యాక కాలనీలను, అంటే ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపులను, లెక్కించండి; 50 కణాలకు తగ్గనివే లెక్కలోకి వస్తాయి. ఆక్సిజన్ తగ్గితే ఏ చికిత్సా ఇవ్వకుండానే కాలనీలు తగ్గొచ్చు. కాబట్టి చాంబర్‌లో చికిత్స ఇచ్చిన ప్లేట్ల లెక్కను గాలిలోని ప్లేట్లతో కాక, అదే చాంబర్‌లో ఏమీ ఇవ్వకుండా ఉంచిన ప్లేట్లతోనే భాగించాలి.

మీ తాతయ్య